నాలుగో ఊపిరి

ఎస్తేరు ఊపిరిలో తేడా వచ్చిందని మొట్టమొదట కనిపెట్టింది డాక్టరు కాదు, దర్జీ. ఆ దర్జీ ఆమె మొగుడే కాబట్టి ఫీజు అడగలేదు.

ఫిబ్రవరి నెల. మధ్యాహ్నం రెండింటికి ఎస్తేరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, నాలుగు ముద్దలు తిని, కొత్త యూనిఫాం కొలతలకని యోబు ముందు నిలబడింది. యోబు టేపు ఆమె ఛాతీ చుట్టూ తిప్పి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, అంకె చూడకుండా అలాగే ఉండిపోయాడు.

"ఏందయ్యా, అంకెలు మర్చిపోయావా?"

"ఉండవే. నువ్వు ఊపిరి తీసినప్పుడల్లా టేపు నా వేళ్ళల్లో జరుగుతా ఉంది. మూడుసార్లు బానే జరిగింది. నాలుగోసారి సగంలో ఆగి మళ్ళీ కదిలింది. ఇంకో మూడు బాగున్నయ్, మళ్ళీ నాలుగోది తట్టుకుంది."

"ఇరవై రెండేళ్ళు కాపురం చేసి ఇప్పుడు నా ఊపిరికి వంకలు పెడతన్నావా?"

"వంక కాదే. చర్చిలో పాట ఎత్తుకుంటే ఒక్క గుక్కలో చరణమంతా లాగేదానివి. నీ ఊపిరి నాకు తెలవదా?"

ఎస్తేరు నవ్వుతూనే గుండె మీద చెయ్యి పెట్టుకుని లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది సగంలో ఎక్కడో చిన్నగా ఆగింది, గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికి మనిషి ఆగినట్టు. ఆమె ముఖంలో నవ్వు ఇగిరిపోయింది. ఆ ఆగడం ఆమెకు బాగా తెలుసు. పన్నెండు రోజులుగా దాన్ని తన పక్కటెముకల మీద మోస్తోంది. అది తనది కాదు, ఆసుపత్రిలో ఆరో నంబరు మంచం మీదున్న మోక్షితది.

"టేపు తియ్యి. నేను పోవాలి."

"రెండు గంటలు తీరికన్నావుగా?"

అప్పటికే ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

ఆ ఊపిరి ఆమె పక్కటెముకల మీదికి ఎలా వచ్చిందో, వార్డులో తోడు అనే ఆ వైద్యం ఏమిటో, ఆటో మిరపయార్డు దాటేలోపు చెప్పుకుందాం. ఆ దారిలో ఎలాగూ నోరు తెరవలేం. సీజనులో ఆ యార్డు గాలి ఎంత ఘాటంటే, కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లు మొదటిరోజు ఏడుస్తూ సరుకు దింపుతారు. అక్కడ తొడిమలు తీసే కూలీల పిల్లలు బస్తాల మీదే ఆడి, బస్తాల మీదే పడుకుంటారు. అందులో కొందరు పిల్లికూతల ఊపిరితో పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రికి చేరతారు. ఊపిరి అందకపోతే పిల్ల బెదురుతుంది. బెదిరితే ఛాతీ ఇంకా బిగుసుకుంటుంది. మందు పనిచేయడానికి పట్టే ఆ కాసేపట్లోనే కొందరు చేజారిపోతారు.

అలాంటి పిల్లని తల్లి గుండెకు ఆనించుకుంటే ఊపిరి నెమ్మదిస్తుందని ఏ అమ్మనడిగినా చెబుతుంది. డాక్టర్ హైమవతి దాని వెనక పదకొండేళ్ళు పడింది. చివరికి రెండు వస్తువులు చేసింది. ఒకటి నర్సు పక్కటెముకల మీద కట్టుకునే పట్టీ. రెండోది పిల్లకు తొడిగే బనీను. నర్సు ఊపిరి తీస్తే పిల్ల బనీనులోని సన్నని గాలి అరలు అదే లయలో ఉబ్బి, అదే లయలో తగ్గుతాయి. మెడ వెనక నాణెమంత బిళ్ళ ఒకటి, ఊపిరిని నడిపే నరాలకు ఆ లయే నేర్పుతుంది. రికార్డు చేసిన ఊపిరి పెట్టి చూశారు. పావుగంటకే పిల్లల ఒళ్ళు దాన్ని మోసమని పసిగట్టింది. బతికున్న మనిషి ఊపిరే కావాలి. అవతలి నుంచి పిల్ల ఛాతీ బరువు పట్టీ ద్వారా నర్సుకూ తెలుస్తూ ఉండాలి. డాక్టరమ్మ దానికి మూరెడు ఇంగ్లీషు పేరు పెట్టింది. వార్డులో మాత్రం అందరూ తోడు అనే అంటారు. కంపెనీ పంపిన బనీను గుడ్డ పిల్లల ఒంటిని గీరుతోందని, లోపలి అస్తరు యోబు చేత మెత్తటి మల్లు గుడ్డతో కుట్టించింది ఎస్తేరు.

తోడుకు ఒక నియమం ఉంది. ఒకే మనిషి ఊపిరి ఒకే బిడ్డకు రోజుకు ఎనిమిది గంటలు దాటకూడదు. కనీసం నలుగురు మారాలి. ఆ నియమం ఊరికే రాలేదు. ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో హైమవతి మొదట మేకలతో ప్రయోగం చేసింది. ఒక మేకపిల్లకు ఐదు రోజులపాటు ఒకే మేక ఊపిరి ఇచ్చారు. ఆరో రోజు ఆ మేక తాడు తెంపుకుని పోయి లారీ కింద పడింది. షెడ్డులో మేకపిల్ల ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయి. అయినా అది ఊపిరి తీయడం మానేసి, ఎవరికోసమో చూస్తున్నట్టు పడుకుని ప్రాణం విడిచింది. హైమవతి ఆ రోజు భోజనం చేయలేదని షెడ్డు కాపలా మనిషి ఇప్పటికీ చెబుతాడు.

అందుకే నలుగురు నర్సులకు నాలుగు నంబర్ల పట్టీలు. ఎవరి పట్టీ వాళ్ళదే.

అయితే ఆ నలుగురిలో ముగ్గురు కాంట్రాక్టు పిల్లలు. ప్రభుత్వ పోస్టుల పరీక్ష నెత్తిమీదకొచ్చింది. "అక్కా, చదవటానికి గంట కూడా దొరకట్లేదక్కా" అని ముగ్గురూ బిక్కముఖాలు వేస్తే, ఎస్తేరు మనసు వెన్న కదా, కరిగింది. "పోయి చదువుకోండే, నేను చూసుకుంటా" అంది. నర్సుల మధ్య డ్యూటీ సర్దుకోవడమంటే పక్కింట్లో కరివేపాకు అడిగినంత మామూలు. రిజిస్టరులో వాళ్ళ సంతకాలు ముందే పెట్టి ఉంచారు. వాళ్ళ పట్టీలు వరసగా ఎస్తేరు కట్టుకుంది. యంత్రం పట్టీ నంబరు చూసింది గాని, పట్టీ కింద ఎవరి గుండె ఉందో చూడలేదు. ఎస్తేరుకు మేకపిల్ల కథ తెలియక కాదు. మేకలెక్కడ, మనుషులెక్కడ అనుకుంది. పైగా మోక్షిత వేరేవాళ్ళు ఎత్తుకుంటే గింజుకునేది, ఎస్తేరు పట్టీ కట్టుకోగానే కుదుటపడేది. ఎవరికైనా అది ముద్దుగానే ఉంటుంది.

ఆటో దిగి ఎస్తేరు మెట్లు ఎక్కింది. మధ్యలో రెండు గంటలు బనీను విప్పి ఉంచడం కూడా నియమమే. ఆ రెండు గంటలూ మోక్షిత తల్లి శివనాగమ్మ దగ్గర ఉంటుంది.

ఆరో మంచం మీద శివనాగమ్మ పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకుని ఆగకుండా ప్రశ్నలు వేస్తోంది.

"చెప్పమ్మా, చిలకలెన్ని వచ్చినయ్?"

"మూడు..."

"తర్వాత? ఇంకెవరొచ్చారు? చెప్పు, చెప్పు మోక్షీ."

"కాకి..." పిల్ల గొంతు బొంగురుపోయింది. ఐదేళ్ళ పిల్ల, అలసిపోయి తల వాలుస్తోంది. పెదవులు బూడిదరంగుకు తిరిగాయి.

ఎస్తేరును చూడగానే శివనాగమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సిస్టరమ్మా, వచ్చావా తల్లీ. మూడు రోజులబట్టి చూస్తన్నా. మీరెళ్ళిపోయాక ఇది మాట్లాడినంతసేపే ఊపిరి తీస్తంది. మాట ఆపితే ఊపిరి కూడా ఆపేస్తంది. అందుకని రెండు గంటలూ కతలు చెప్పిస్తన్నా. నిద్రపోతదేమోనని బయమేస్తంది."

"మూడు రోజులా? నాకు చెప్పలేదేమమ్మా?"

"మీరు ఒక్కపూట ఇంటికి పోతారు. దానికి కూడా అడ్డం పడితే ఏం బాగుంటదని..."

ఎస్తేరు స్టెతస్కోపు పెట్టి వింది. పిల్లికూతలు లేవు. ఛాతీ శుభ్రంగా ఉంది. జబ్బు నాలుగు రోజుల కిందటే తగ్గిపోయింది. ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయని మనసులో అనుకోగానే ఆమెకు రేకుల షెడ్డు గుర్తొచ్చింది.

బనీను తొడిగి, పట్టీ కట్టుకుంది. ఎప్పుడూ అనే మాటే అంది: "నన్ను చూసి తీసుకో తల్లీ." మోక్షిత ఆమె ముఖంలోకి చూసి నిండుగా ఊపిరి తీసింది. తెర మీద ఆక్సిజన్ అంకె ఎనభై నాలుగు నుంచి తొంభై ఆరుకు పాకింది. పట్టీలో ఆ చిన్న ఛాతీ బరువు వచ్చి ఎస్తేరు పక్కటెముకలకు ఆనింది. పన్నెండు రోజులుగా అది ఆనిన ప్రతిసారీ ఆమెకు ప్రాణం హాయిగా ఉండేది. ఇప్పుడు భయం వేసింది.

పరీక్ష రాసి వచ్చిన కాంట్రాక్టు నర్సును ఒకామెను పిలిచి, ఆమె పట్టీ ఆమెకే కట్టించి చూసింది. అంకె జారింది. తొంభై. ఎనభై ఆరు. మోక్షిత ఊపిరి తీయకుండా తల తిప్పి ఎస్తేరు కోసం చూస్తోంది.

"అక్కా, ఏందక్కా ఇది?" అంది ఆ నర్సు పట్టీ విప్పబోతూ.

"నా తప్పమ్మా. నీది కాదు, నువ్వు పో."

*

హైమవతి గదిలో టీ వాసన వస్తోంది. డాక్టరమ్మ ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడిందంటే ఆ రోజు వార్డంతా చెప్పుకుంటారు. అలాంటిది ఆ సాయంత్రం ఆమె నవ్వుతూ కుర్చీ చూపించింది.

"రా సిస్టర్. ఇదిగో, నీ ఆరో మంచం పిల్ల గ్రాఫు. నలుగురు మారారు. నలుగురినీ ఒకే రకంగా ఒప్పుకుంది. ఇంత చక్కటి గీత నేను పదకొండేళ్ళలో చూడలేదు. రేపు పన్నెండు ఆసుపత్రులకు ఉత్తరాలు పోతున్నాయి, మొదలుపెట్టుకోమని."

ఎస్తేరు కూర్చోలేదు. "మేడమ్, ఆ నలుగురూ నేనే."

"అంటే?"

చెప్పింది. పట్టీలు, సంతకాలు, పరీక్ష, పన్నెండు రోజులు, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ తెల్లగోడ మీద ఉన్న మేకపిల్ల ఫొటో వంకే చూసింది. హైమవతి దాన్ని అక్కడినుంచి ఎప్పుడూ తీయలేదు.

డాక్టరమ్మ గ్రాఫు కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టింది. టీ మీద మీగడ కట్టింది.

"నేను మనుషుల మీద అనుమానపడి యంత్రం చేయలేదు ఎస్తేరూ. నీ సంతకాన్ని నమ్మాను. రేపు ఆ పన్నెండు ఊళ్ళలో నీలాంటి మంచివాళ్ళు ఎందరుంటారో తెలుసా? అందరూ సర్దుకునేవాళ్ళే. ఎందరు పిల్లలు పోయేవాళ్ళో లెక్కేసుకో."

"తెలుసు మేడమ్. అందుకే వచ్చా. నన్నేం చేసినా సరే. ముందు పిల్లను బయటపడెయ్యండి."

ఆమె అప్పుడు ఏడ్చింది. హైమవతి ఏడవనిచ్చి, ఆ తర్వాత ఉత్తరాల కట్ట తీసి సొరుగులో పడేసి తాళం వేసింది.

*

మూడు రోజులు తోడును తగ్గిస్తూ చూశారు. బనీను బిగువు సగం చేశారు, పావు చేశారు. పద్ధతి ప్రకారం పిల్ల కొద్దికొద్దిగా సొంతంగా తీసుకోవాలి. మోక్షిత అలా చేయలేదు. ఎస్తేరు ఊపిరి ఎంత సన్నగా వస్తే అంత సన్నగానే తాను కూడా తీస్తూ, తాడు కొస పట్టుకుని వేలాడినట్టు దానికే వేలాడింది. నాలుగో రోజు ఉదయానికి ముఖం పీక్కుపోయింది. గొట్టం వేసి మిషను మీద పెట్టాల్సి వస్తుందేమో, పెడితే మళ్ళీ తీయగలమో లేదో తెలియదని హైమవతి తల్లికి చెప్పింది.

శివనాగమ్మకు అసలు సంగతి అంతకుముందే తెలుసు. ఎస్తేరే చెప్పింది. తిడుతుందనీ, కొడుతుందనీ ఎదురుచూసింది. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, "దానికి పాలలాగా అలవాటయ్యావన్నమాట" అని ఊరుకుంది. తిట్టి ఉంటే ఎస్తేరుకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు డాక్టరమ్మ మాట విని శివనాగమ్మ పిల్ల జుట్టు వెనక్కి సర్ది తలెత్తింది.

"డాక్టరమ్మా, నేను చదువుకున్నదాన్ని కాదు. ఒక మాట అడగనా?"

"అడుగు."

"దీనికి మూడో ఏడొచ్చినా రొమ్ము వదల్లేదు. నేను కూడా మీలాగే కొంచెం కొంచెం తగ్గిద్దామనుకున్నా. తగ్గించేకొద్దీ ఇంకా పట్టుకుని ఏడ్చేది. తగ్గిస్తే బిడ్డలు మానరమ్మా, ఇంకా ఆశపడతారు. మా అత్త వేపాకు నూరి పూసుకోమంది. రెండు రోజులు పూసుకున్నా. మూడోనాడు నన్ను చూస్తేనే మూతి తిప్పుకుని గిన్నెలో అన్నం తింది."

హైమవతి ఎస్తేరు వంక చూసింది. ఎస్తేరు చూపు దించుకుంది. తన కూతురు కెజియాకు పాలు మాన్పించాల్సి వచ్చినప్పుడు ఎస్తేరు వేపాకు పూసుకుంది, పిల్ల మూతి ముడవగానే ఏడ్చి కడిగేసుకుంది. అలా నాలుగుసార్లు. చివరికి అత్తగారు పిల్లని ఎత్తుకుని వారంపాటు రేపల్లె వెళ్ళిపోతే తప్ప ఆ పని కాలేదు. ఇక్కడ ఎత్తుకుపోవడానికి ఎవరూ లేరు.

"చేదు చెయ్యాలి," అంది హైమవతి తనలో తాను. "సన్నం చేయడం కాదు. నమ్మలేని ఊపిరి ఇవ్వాలి."

మొదట ఎస్తేరు పట్టీతో మెట్లెక్కి దిగింది, రొప్పుతూ వచ్చి మంచం పక్కన నిలబడింది. మోక్షిత కూడా ఆమెతోపాటే రొప్పి, ఆట అనుకుని కిలకిలా నవ్వింది. దగ్గింది, తుమ్మింది, గొణిగింది. పిల్ల అన్నీ ఒప్పుకుంది. ఎస్తేరు ఏం చేసినా దానికి తీపిగానే ఉంది.

"ఆపెయ్," అంది హైమవతి. "ఊపిరి బిగపట్టు. ఆ పిల్ల నీకోసం చూస్తుంది. నువ్వు ఇవ్వకు. తనంతట తాను తీసేదాకా నువ్వు తియ్యకు. అంకె డెబ్బై ఐదు దాటి కిందికి పడితే నేను చేత్తో గాలి కొట్టే బ్యాగుతో ఊపిరి ఇస్తా. అంతవరకు నీ పని ఒకటే. ముందుగా నువ్వు తీయకూడదు."

చెప్పడానికి ఎంత సులువు!

మొదటిసారి పద్దెనిమిదో సెకనుకే ఎస్తేరు ఊపిరి తీసేసింది. గుక్క చాలక కాదు. చర్చి పాటల్లో ఆమె గుక్క అంతకంటే ఎంతో పొడుగు. పట్టీలో ఆ చిన్న ఛాతీ వచ్చి తన పక్కటెముకలను తడుతోంది, తలుపు కొట్టినట్టు. లోపల మనిషి ఉండి తలుపు తీయకపోవడం ఆమెకు చేతకాలేదు. రెండోసారి ఇరవై ఆరు. మూడోసారి ముప్ఫై, అప్పటికి మోక్షిత కళ్ళు పెద్దవై నీళ్ళు నిండాయి. ఎస్తేరు ఒక్కసారిగా ఊపిరి వదిలి పిల్లను గుండెకు హత్తుకుంది. హైమవతికి ముక్కు మీద కోపం. అయినా ఆ పూటకు చాలంది.

ఆ సాయంత్రం యోబు సైకిలు మీద క్యారియరు తెచ్చాడు. ఇద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఎస్తేరు ముద్ద కలిపి తినకుండా పెట్టుకుంది.

"నావల్ల కాదయ్యా. అది నా వంక చూస్తంటే ఎట్టా బిగబట్టను?"

యోబు తన వేళ్ళ మీది సూది గుచ్చుళ్ళు చూసుకుంటూ అన్నాడు: "నాకు పని నేర్పిన మా బాబాయి నాకు మిషను తొక్కటం నేర్పేటప్పుడు తన కాలు కూడా పెడలు మీదే పెట్టేవాడు. కుట్టు గీతలాగా వచ్చేది. ఒకనాడు చెప్పకుండా కాలు తీసేశాడు. దారం తెగింది, సూది విరిగింది, నా వేలు చిరిగింది. నెలరోజులు ఆయన్ని తిట్టుకున్నా. నువ్వు తింటన్న కూడు ఆ తిట్లదే." గిన్నె ఆమె వైపు జరిపి, "తిట్టనియ్యి ఎస్తేరూ. నీకు బిడ్డ కావాలా, బిడ్డ దగ్గర మంచి పేరు కావాలా?" అన్నాడు.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది.

*

ఐదో రోజు ఉదయం కిటికీలోంచి యార్డు ఘాటు రాకుండా తడిగుడ్డలు కట్టారు. హైమవతి బ్యాగు చేత పట్టుకుని మంచం తల దగ్గర నిలబడింది. శివనాగమ్మ పిల్ల కాళ్ళు పట్టుకుంది. ఎస్తేరు పట్టీ కట్టుకుని స్టూలు మీద కూర్చుంది. మోక్షిత ఆమెను చూసి నవ్వి, అలవాటు ప్రకారం తనే అంది:

"నిన్ను చూసి తీసుకుంటా."

ఎస్తేరు స్టూలు ఇంకొంచెం దగ్గరకు జరుపుకుంది. నిండుగా ఒక ఊపిరి తీసి, ఆపేసింది.

పది. మోక్షిత ఎదురుచూస్తోంది. ఇరవై. పట్టీలో తట్టడం మొదలైంది. ముప్ఫై. పిల్ల చెయ్యి చాపి ఎస్తేరు చెంప తాకింది, మర్చిపోయావా అన్నట్టు. ఎస్తేరు కళ్ళు మూసుకోలేదు. కళ్ళు మూసుకుంటే మోసం చేసినట్టవుతుందనిపించింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి పట్టీ మీద పడుతున్నాయి. తెర మీద అంకె ఎనభై రెండు. ముప్ఫై ఐదు. మోక్షిత ముఖంలో నవ్వు పోయింది, అర్థం కాకపోవడం వచ్చింది, తర్వాత భయం వచ్చింది. ఎనభై. డెబ్బై ఎనిమిది. హైమవతి బ్యాగు ముందుకు తెచ్చింది. ఎస్తేరు చెవుల్లో హోరు, ఛాతీలో మంట. ఒక్క ఊపిరి తీస్తే ఇద్దరికీ హాయి. తీయలేదు.

నలభై ఒకటో సెకనుకు మోక్షిత ముఖంలో భయం పోయి కోపం వచ్చింది. తల వెనక్కి వాల్చి, రెండు పిడికిళ్ళూ బిగించి, గుర్రుమంటూ గదిలో గాలంతా తనదే అన్నట్టు ఒక ఊపిరి లాగింది. ఆ ఊపిరంతా ఏడుపుగా బయటికొచ్చింది.

"నువ్వు పాడు సిస్టరు! నాకొద్దు! నువ్వొద్దు, పో!"

చేతికందిన చోటల్లా కొట్టింది. ప్రతి దెబ్బకూ ఒక ఊపిరి, ప్రతి ఊపిరీ తనదే. ఎస్తేరు పక్కటెముకలకు పట్టీలోంచి వేరే లయ ఒకటి తగిలింది. అడ్డదిడ్డంగా, మొండిగా, తనతో ఏ సంబంధమూ లేకుండా. పదహారు రోజుల్లో మొదటిసారి అది వేరే మనిషి ఊపిరి. ఎస్తేరు అప్పుడు గాలి పీల్చుకుని, దెబ్బలు తింటూ నవ్వి, నవ్వుతూ ఏడ్చింది. శివనాగమ్మ బిడ్డ కాళ్ళకు ముఖం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. హైమవతి మాత్రం ఏడవలేదు, బ్యాగు కింద పెట్టి అంకె రాసుకుంది. 

ఆ తర్వాత ఆరు రోజులు, రోజుకు నాలుగుసార్లు అదే పని. నలభై ఒకటి ముప్ఫై అయింది, ముప్ఫై పన్నెండు అయింది. చివరిరోజు ఎస్తేరు పట్టీతో గుమ్మంలోకి రాగానే మోక్షిత దుప్పటి ముసుగేసుకుంది. దుప్పటి కింద చక్కగా, దర్జాగా ఊపిరి తీస్తోంది.

*

విచారణ జరిగింది. ఎస్తేరు ఆ ముగ్గురు పిల్లల మీదికి మాట రానివ్వలేదు. ఏడాదిపాటు వార్డు డ్యూటీ లేకుండా, కింద టీకాల గదికి వేశారు. హైమవతి తన గ్రాఫును తానే తప్పని రాసి, పన్నెండు ఆసుపత్రులనూ ఆగమంది. ఇప్పుడు కొత్త పట్టీ నంబరు చూడదు. కట్టుకున్న మనిషి గుండె చప్పుడు గుర్తుపడుతుంది, ఎనిమిది గంటలు కాగానే తనంతట తానే ఊడిపోతుంది. నియమాల పుస్తకంలో చివరి పేజీలో ఇంకొకటి చేరింది. దానికి డాక్టరమ్మ పొడుగు పేరే పెట్టింది. నర్సులు దాన్ని వేపాకు అంటారు.

తన నాలుగో ఊపిరి సంగతి ఎస్తేరు ఒకసారి డాక్టరమ్మను అడిగింది. హైమవతి పరీక్షలన్నీ చేసి, ప్రమాదం లేదంది. పోతుందో పోదో తెలియదంది. చర్చిలో ఎస్తేరు ఇప్పుడు చరణం మధ్యలో ఒకచోట ఆగుతుంది. పక్కవాళ్ళు అక్కడ తామూ ఆగడం అలవాటు చేసుకున్నారు.

మళ్ళీ మిరప సీజను వచ్చింది. ఒక ఉదయం టీకాల గది బయట పెద్దగా బూర మోత. మోత ముందొచ్చి, దాని వెనక మోక్షిత వచ్చింది, తిరునాళ్ళలో కొన్న ఎర్రటి ప్లాస్టిక్ బూర నోట్లో పెట్టుకుని, వాకిలి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ. వెనక ఆయాసపడుతూ శివనాగమ్మ.

"సిస్టరమ్మా, బాగున్నావా తల్లీ? మోక్షీ, సిస్టరమ్మకి దండం పెట్టు. గుర్తుందా?"

మోక్షిత ఎస్తేరును ఎగాదిగా చూసింది. ముఖం చిట్లించి తల్లి వెనక్కి తప్పుకుంది. "తెలీదు. నాకొద్దు."

శివనాగమ్మ సిగ్గుపడిపోయింది. "చిన్నపిల్ల, ఏమనుకోబాకు..."

"గుర్తుండకూడదులే అమ్మా. అంత కష్టపడింది అందుకేగా," అంది ఎస్తేరు. నొప్పి లేదంటే అబద్ధం. కానీ ఆ నొప్పిని ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు.

టీకాకు ముందు స్టెతస్కోపు పెట్టి వింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో ఊపిరి ఏటి నీళ్ళలా సాఫీగా పోయింది, ఎక్కడా ఆగలేదు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. అదీ అంతే. ఎస్తేరు కావాలనే పన్నెండు దాకా విని, స్టెతస్కోపు తీసింది.

సూది గుచ్చినా మోక్షిత ఏడవలేదు. ఎస్తేరు ముఖంలోకి దగ్గరగా, అనుమానంగా చూస్తోంది.

"నీకు దగ్గా?"

"లేదమ్మా. ఎందుకు?"

"నువ్వు మధ్యలో ఆగుతున్నావు. ఇప్పుడు కూడా ఆగావు." పిల్ల చేతిలోని బూర గౌనుకు తుడిచి చాపింది. "ఇది ఊదు. నాకు డాట్రమ్మ ఇదే చెప్పింది. రోజూ ఊదితే పోద్ది."

బయట తల్లుల వరస పొడుగ్గా ఉంది, ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. ఎస్తేరు బూర తీసుకుని ఊదింది. మూడుసార్లు బాగానే మోగింది. నాలుగోసారి సగంలో గొంతు పట్టేసినట్టు ఆగింది. మోక్షిత పకపకా నవ్వి, వెంటనే పెద్దమనిషిలా నవ్వాపుకుంది. బల్ల ఎక్కి ఎస్తేరుకు ఎదురుగా కూర్చుని, రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"అట్టా కాదు. నన్ను చూసి తీసుకో."

ఎస్తేరు ఆ పిల్లను చూసి ఊపిరి తీసుకుంది.